పలకని మెట్లు

మిడి కీబోర్డుకి గొంతు లేదు. తెల్ల మెట్లూ నల్ల మెట్లూ అన్నీ ఉంటాయి. నొక్కితే దిగుతాయి, వదిలితే లేస్తాయి. కానీ లోపల స్పీకరు లేదు, తీగ లేదు, రీడు లేదు, తిత్తి లేదు. చాలావాటికి బ్యాటరీ గది కూడా ఉండదు, కరెంటు సైతం కంప్యూటర్ దగ్గరే తీసుకుంటాయి. షాపులో దాన్ని ముందు పెట్టుకుని ఒక మెట్టు నొక్కి చూసినవాళ్ళు ‘పని చెయ్యట్లేదేమిటండీ?’ అని అడుగుతారు. పని చేస్తూనే ఉంటుంది. పలకడం దాని పని కాదు.

వేలు ఏ మెట్టు మీద పడింది, ఎంత జోరుగా పడింది, ఎప్పుడు లేచింది? ఈ సంగతులు కంప్యూటర్‌కి చేరవేస్తే కీబోర్డు బాధ్యత తీరిపోతుంది. ఆ తరవాత అది పియానోగా మోగాలా, సన్నాయిగా మోగాలా, అసలు మోగాలా వద్దా అన్నది అవతల తేలుతుంది. చేతినీ నాదాన్నీ ఇలా విడదీయవచ్చునన్న ఆలోచన నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. మా ఇంట్లో సంగీతం అంటే గొంతే. తంబురా, శ్రుతిపెట్టె, మా పిన్ని గొంతు. పాడేవాళ్ళ ఊపిరి నుంచి పాటను వేరుచేసి చూడొచ్చని అక్కడ ఎవరికీ తోచదు. మిడి వైరు ఆ పని చేసి చూపిస్తుంది. వేరుచేశాక ఇటు ఏం మిగిలింది, అటు ఏం వెళ్ళింది, మధ్యలో ఏం జారిపోయింది అని నిదానంగా లెక్క చూసుకోవచ్చు. నాకు ఆ లెక్క మీదే మనసు.

కలపడం తేలికే. కీబోర్డు వెనక చదరంగా ఉండే యూఎస్‌బీ సాకెట్టు ఉంటుంది. ప్రింటరుకి పెట్టే వైరే దీనికీ సరిపోతుంది. కొత్తగా వచ్చేవాటికి ఫోన్ ఛార్జరుకుండే సీ-టైపు ఇస్తున్నారు. రెండో కొస కంప్యూటర్‌లో పెట్టగానే కీబోర్డు మీద చిన్న దీపం వెలుగుతుంది. మిడి పరికరాలు యూఎస్‌బీ మీద ఎలా మాట్లాడుకోవాలో 1999లోనే ఒక ఉమ్మడి పద్ధతి ఖరారైంది కాబట్టి, ఇప్పటి కీబోర్డుల్లో చాలావాటికి విడిగా డ్రైవరు ఎక్కించనక్కర్లేదు. కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతుంది, పేరు చూపిస్తుంది. అయినా మెట్టు నొక్కితే చప్పుడు రాదు. కొత్తవాళ్ళు ఇక్కడే వైరు పీకి మళ్ళీ పెడతారు, వాల్యూమ్ పెంచుతారు, షాపుకి ఫోన్ చేస్తారు. నా సలహా వేరు. ఆ నిశ్శబ్దంలోనే కాసేపు ఆగి, వైరులో ఏం వెళుతోందో కళ్ళతో చూడాలి. దానికి ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాములున్నాయి, మిడి మానిటర్లంటారు. అది తెరిచి, కీబోర్డు మధ్యలో ఉన్న షడ్జమాన్ని, అంటే పాశ్చాత్యులు మిడిల్ సీ అనే మెట్టుని నొక్కితే తెర మీద ఒక వరస పడుతుంది: 144, 60, 87.

అంతే, మూడు అంకెలు. మొదటిది ఒకటో ఛానెల్లో ఎవరో మెట్టు నొక్కారని చెబుతుంది. రెండోది ఆ మెట్టు నంబరు. మూడోది జోరు, ఒకటి నుంచి 127 దాకా ఎంతైనా ఉండొచ్చు. వేలు తీయగానే ఇంకో వరస పడుతుంది, 60వ మెట్టు వదిలేశారని. ఈ రెండు వరసల మధ్య వైరులో ఏమీ నడవదు. స్వరం ఎంతసేపు నిలబడాలో ఎవరూ చెప్పరు. నొక్కారు, వదిలారు, అంతవరకే కబురు. మొదటిసారి చూసినవాళ్ళకి ఇది మరీ పేదగా కనిపిస్తుంది. ఒక మనిషి వాయించినదంతా ఈ అంకెల్లో ఇమిడిపోయిందా అనిపిస్తుంది.

ఆ మూడో అంకె ఎలా పుడుతుందో చూస్తే ఆ పేదరికం వెనక ఎంత తెలివి ఉందో తెలుస్తుంది. కీబోర్డు అడుగు విప్పితే మెట్ల కింద పొడుగాటి రబ్బరు పట్టీ కనిపిస్తుంది. ఒక్కో మెట్టుకి దాని మీద రెండు బుడిపెలు, లోపల నల్లటి చుక్కలు. మెట్టు దిగేటప్పుడు ఒక చుక్క ముందు తాకుతుంది, రెండోది వెంట్రుకవాసి ఆలస్యంగా తాకుతుంది. ఆ రెండు తాకిళ్ళ మధ్య పట్టిన కాలాన్ని లోపలి చిప్పు కొలుస్తుంది. కాలం తక్కువైతే జోరు ఎక్కువ, కాలం ఎక్కువైతే జోరు తక్కువ. వేలి బలాన్ని ఎవరూ తూచడం లేదు, మెట్టు ఎంత త్వరగా అడుగుకి చేరిందో చూస్తున్నారు. పియానోలో కూడా సుత్తి తీగను ఎంత వేగంతో తాకిందన్నదే నాదం బలాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి పియానో వాయించేవాళ్ళకి ఈ కొలత చాలావరకు సరిపోతుంది. ఈ వైరు ఏ చేతి కోసం పుట్టిందో ఆ రబ్బరు పట్టీ దగ్గరే తెలిసిపోతుంది. మెట్టు దిగాక ఆ వేలు ఏం చేసినా ఈ కొలతకి అందదు.

ఇక పలికించడం. క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియో, రీపర్, మ్యాక్‌లో అయితే గ్యారేజ్‌బ్యాండ్, వీటిలో ఏదో ఒకటి తెరిచి, ఒక ట్రాకు వేసి, దాని మీద ఒక వాయిద్యాన్ని కూర్చోబెట్టి, ఆ ట్రాకు ఏ కీబోర్డు మాట వినాలో చెప్పాలి. అప్పుడు 60వ మెట్టు పలుకుతుంది. వాయించినదంతా అంకెలుగానే నిలవ ఉంటుంది కాబట్టి, నిన్న పియానోగా విన్నదాన్ని ఇవాళ వేణువుగా వినొచ్చు. ఒక స్వరం పక్క మెట్టు మీద పడి ఉంటే దాన్నొక్కదాన్నే జరపొచ్చు. వేగం సగానికి తగ్గించినా శ్రుతి దిగదు. సీడీ నాణ్యతతో ధ్వనిని రికార్డు చేస్తే నిమిషానికి పది మెగాబైట్లు దాటుతుంది. అదే నిమిషం మిడి అంకెల్లో కొద్ది కిలోబైట్లు. ధ్వని ఏదీ అందులో లేదు కాబట్టే అంత చిన్నది, అంత మెతకది. నాదాన్ని వదులుకున్నందుకు వచ్చిన లాభం ఇది, చిన్నదేమీ కాదు.

మిడి అనే ఈ ఒప్పందం ఎలా కుదిరిందన్నది నేను ఎంతో ఇష్టంగా చెప్పుకునే కథ. 1980 ప్రాంతాల్లో సింథసైజర్లు తయారుచేసే ప్రతి కంపెనీకీ తన సొంత తీరు, తన సొంత ప్లగ్గు. ఒకరి వాయిద్యం ఇంకొకరి వాయిద్యంతో మాట్లాడేది కాదు. కాలిఫోర్నియాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడుపుతున్న డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహషి ఈ గోడలు తీసేయాలనుకున్నారు. స్మిత్ 1981లో తన సహచరుడు చెట్ వుడ్‌తో కలిసి ఒక ప్రతిపాదన రాశాడు. యమహా, కోర్గ్, కవాయ్ కంపెనీలూ మాట కలిపాయి. 1983 జనవరిలో అనహైమ్‌లో జరిగిన నామ్ వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600కీ రోలాండ్ వారి జూపిటర్-6కీ మధ్య ఒక వైరు కలిపారు. ఇక్కడ వాయిస్తే అక్కడ పలికింది. అవి రెండూ అంగట్లో ఒకదానికొకటి పోటీ పడుతున్న సరుకులు. ఆ ఏడాది ఆగస్టుకి నియమాలన్నీ అచ్చయ్యాయి. వాటిని వాడుకోవడానికి ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదన్నారు. నా దృష్టిలో అసలు ఘనత ఆ మాటలోనే ఉంది. వాళ్ళు దాని మీద రుసుము పెట్టి ఉంటే మన ఊళ్ళలో, మన ఇళ్ళలో ఈ వైరు ఇంత మామూలు వస్తువు అయ్యేది కాదు. ముప్ఫై ఏళ్ళ తరవాత, 2013లో, ఆ ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. కకెహషి 2017లో, స్మిత్ 2022లో కన్నుమూశారు.

వాళ్ళు ప్రతి నిర్ణయం పొదుపు చూసుకునే చేశారు. ప్లగ్గుకి అయిదు పిన్నుల జర్మన్ రకాన్ని ఎంచుకున్నారు. అది అప్పటికే టేప్‌రికార్డర్లలో వాడుకలో ఉంది, చవక. అయిదింటిలో కబురుకి రెండు, కవచపు తీగకి ఒకటి చాలు. మిగతా రెండూ ఊరికే ఉండేవి. వేగం సెకనుకి 31,250 బిట్లు. అప్పటి చిప్పుల్లో సాధారణంగా దొరికే పది లక్షల టిక్కుల గడియారాన్ని 32తో భాగిస్తే వచ్చేది సరిగ్గా ఇదే. ఆ వేగంలో మూడు అంకెలు చేరడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. నాకు మరీ నచ్చింది మాత్రం కబురు అందుకునే చోట చేసిన ఏర్పాటు. అక్కడ ఒక చిన్న చిప్పులో బుల్లి దీపం, దాని ఎదురుగా వెలుతురు పడితే స్పందించే ఒక కన్ను. వైరులో వచ్చిన కరెంటు దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది, కన్ను దాన్ని చూసి అవతలికి చెబుతుంది. రాత్రిపూట ఏటి ఇవతల లాంతరు ఊపితే అవతలి గట్టు మీదివాడు సంగతి గ్రహించినట్టన్నమాట. రెండు వాయిద్యాల కరెంటు ఎక్కడా కలవదు. అందుకే ఒకదాని ఎర్తింగ్ లోపం రెండోదాంట్లో గుయ్యిమనే హోరుగా వినిపించదు. మన స్టేజీల మీద కరెంటు సంగతి తెలిసినవాళ్ళకి ఆ దీపం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన మిత్రుడొకాయన దగ్గర యమహా డీఎక్స్-7 ఉంది. 1983లో వచ్చిన మోడల్. రాజ్–కోటి పాటలు పెళ్ళి పందిళ్ళలో వాయించడానికి దాన్ని వ్యాన్‌లో వేసుకుని కోస్తా అంతా తిరిగాడు. ఇప్పుడు దాని మీటలు కొన్ని వదులయ్యాయి, పైన రంగు పోయింది. దాన్ని ఆయన మనవరాలి ల్యాప్‌టాప్‌కి కలపాల్సి వచ్చింది. దానికి యూఎస్‌బీ లేదు, వెనక గుండ్రటి అయిదు పిన్నుల సాకెట్లున్నాయి. మధ్యలో చిన్న డబ్బీ ఉన్న మిడి కేబుల్ కొంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: కీబోర్డు అవుట్ నుంచి బయల్దేరింది కేబుల్ ఇన్‌లోకి వెళ్ళాలి. కొన్ని కేబుళ్ళ మీద రాతలు ఈ లెక్కన ఉండవు, ఏ సాకెట్టులో పెట్టాలో దాని పేరే ఆ కొస మీద రాస్తారు. పలకకపోతే రెండు కొసలూ మార్చి పెడితే చాలు, ఏదీ కాలిపోదు. ఆయన మెట్టు నొక్కాడు. నలభై ఏళ్ళ నాటి యంత్రం పంపిన అవే మూడు అంకెలు మొన్నమొన్న కొన్న ల్యాప్‌టాప్‌లో పడ్డాయి. ఆ నలభై ఏళ్ళలో ఫ్లాపీలు పోయాయి, క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి. పాటలు మోసినవన్నీ మారిపోయాయి. వేలి కదలికను మోసింది మాత్రం మారలేదు.

ఇంట్లో కలుపుకునేవాళ్ళని నిజంగా ఇబ్బంది పెట్టేది ఆలస్యం. మెట్టు ఇప్పుడు నొక్కితే స్వరం కాస్త ఆగి వస్తుంది. తప్పు వైరుది కాదు. కంప్యూటర్ ధ్వనిని గుప్పెడు గుప్పెడుగా తయారుచేసి స్పీకరుకి అందిస్తుంది. ఆ గుప్పెడు ఎంత పెద్దదైతే అంత ఆలస్యం. దాన్ని బఫర్ అంటారు. సెకనుకి 44,100 శాంపిళ్ళ లెక్కన, 1024 శాంపిళ్ళ బఫర్‌కి 23 మిల్లీసెకన్లు పడుతుంది. 256కి దించితే దాదాపు ఆరు. గాలిలో శబ్దం మీటరు దూరం నడవడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే 256 పెట్టుకుంటే ఆ వాయిద్యం మనకి రెండు మీటర్ల దూరంలో మోగుతున్నట్టు, కచేరీలో గాయకుడి పక్కన మృదంగం కూర్చునేంత దూరం. 1024 పెట్టుకుంటే ఎనిమిది మీటర్లు. మృదంగాన్ని హాలు చివర కూర్చోబెట్టి పాడమంటే ఎవరు పాడగలరు? విండోస్‌లో అయితే ఏషియో డ్రైవరు వేసుకుని బఫర్ దించుకోవాలి. మరీ దించితే మోత మధ్యలో చిటపటలు వస్తాయి, అప్పుడు ఒక మెట్టు పైకి రావాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి బొత్తిగా పనికిరావు. లయ తెలిసిన మనిషికి ఈ సర్దుబాటు ఎంత ముఖ్యమో చెప్పడానికే ఇంత రాశాను. చాలామంది ఈ ఆలస్యంతోనే సర్దుకుపోయి, తమకి తాళం రాదనుకుని కీబోర్డు అటక మీద పెట్టేస్తారు.

మా పిన్ని విజయవాడ సంగీత కళాశాలలో డిప్లొమా చేసింది. ఇప్పటికీ పొద్దున్నే నలుగురైదుగురు పిల్లలకి పాఠం చెబుతుంది. నేను మెట్లు నొక్కుతుంటే తెర మీద అంకెలు పడడం చూసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. “సరళీ స్వరాలు వాయించు, నాయనా” అంది. మాయామాళవగౌళలో ఆరోహణ వాయించాను. 60, 61, 64, 65, 67, 68, 71, 72. ఆవిడ శ్రుతి ఐదున్నర. అందుకని ప్రోగ్రాములో స్వరాలన్నీ నాలుగు మెట్లు కిందికి జరిపి, మీటడం మాత్రం తెల్ల మెట్టు మీద షడ్జమంగానే ఉంచాను. ఈ సదుపాయం ఆవిడకి బాగా నచ్చింది. ఎవరి శ్రుతి వారిది, వేళ్ళ దారి అందరికీ ఒకటే. పిల్లలకి స్వరస్థానాలు చూపించడానికి ఇంతకంటే తేటగా ఏముంటుంది అంది.

రెండోసారి వాయించేటప్పుడు శ్రుతిపెట్టె పెట్టించుకుంది. గాంధారం దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది. “అది కాస్త పైనుంది.”

ఆవిడ చెవి చెప్పింది నిజం. కీబోర్డు ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, ఒక్కో భాగం నూరు సెంట్లు. ఆ లెక్కన అంతరగాంధారం షడ్జమానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. తంబురా తీగ మోగుతుంటే అందులోంచి తనంతట తాను వినవచ్చే గాంధారం 386 దగ్గర ఉంటుంది. తేడా 14 సెంట్లు. పరాయి చెవికి పట్టదు. తంబురా పక్కన పెరిగిన చెవి దాన్ని క్షమించదు. సరిచేసుకునే వీలు మిడిలో ఉంది. 1992లోనే ఏ మెట్టుని ఎంత దించాలో చెప్పే పద్ధతి చేర్చారు, ఇప్పటి సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు చాలావాటిలో స్థానాలు మనకి కావలసినట్టు పెట్టుకోవచ్చు. నేను 64వ మెట్టుని ఆ మేరకు దించాను. ఈసారి ఆవిడ చెయ్యెత్తలేదు. దించమని చెప్పేది అంకెలే, ఎంత దించాలో తేల్చింది మాత్రం ఆవిడ చెవి.

అసలు చిక్కు తోడి రాగంతో వచ్చింది. తోడిలో సాధారణ గాంధారం, 63వ మెట్టు, ఒక చోట నిలబడే స్వరం కాదు. రిషభం నుంచి మధ్యమం వైపు ఊగుతూ ఉంటేనే అది తోడి గాంధారం. మెట్టు నొక్కి పట్టుకుంటే వచ్చేది ఆ స్థానంలో ఉన్న ఒక మోత మాత్రమే. పిన్ని విని, “స్వరం ఉందిరా, రాగం లేదు” అంది. హార్మోనియం మీద మన పెద్దలు చేసిన ఫిర్యాదూ ఇదే. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని గాలి తరంగాల నుంచి తప్పించింది, 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం దానికి చేతకాదన్నది, స్థానాలు మన శ్రుతులతో పొసగవన్నది ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో బలం ఉంది. కానీ అదే కాలంలో మన పద్యనాటకాల వేదికల పక్కన హార్మోనియమే ఏలింది. మెట్టు చేయలేని జారుని నటుడి గొంతు చేసేది, గొంతుకి ఆనుకోవడానికి మెట్టు నేల చూపించేది. పద్యం అయ్యాక జనం ‘వన్స్‌మోర్’ అన్నది ఆ రెంటినీ కలిపి విని. వాయిద్యాన్ని నిషేధించడం కంటే దానికి తోడుగా ఏం కావాలో చూసుకున్న మన నాటకాలవాళ్ళ తీరే నాకు సబబనిపిస్తుంది.

గమకాన్ని రాతలో పెట్టడం మిడికి మాత్రమే ఎదురైన సమస్య కాదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చు వేయించారు, తెలుగు లిపిలో. ఆయనని అందుకు పూనుకునేలా చేసినవారిలో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్ ముఖ్యులు. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించాలని మొదలియార్ అంతకు ముందే పాటుపడ్డారు. ఆ ఉద్గ్రంథంలో సరిగమలు రాసి ఊరుకోలేదు. స్వరాల మీద కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, వళి, ఒదిగింపు, జారు, ఇలా ఒక్కో గమకానికీ ఒక్కో గుర్తు పెట్టారు. స్వరాల పేర్లు మాత్రమే రాస్తే గురుముఖాన విన్నవాళ్ళకి అవి జ్ఞాపకం తెస్తాయి, విననివాళ్ళకి ఏమీ చెప్పవు. దీక్షితులవారికి ఇది తెలుసు. ఆ గుర్తులతో నిండిన పుటను చూస్తే, చేయికీ గొంతుకీ మధ్య జారిపోయేదాన్ని ఒక పెద్దమనిషి ఎంత పట్టుదలగా పట్టి ఉంచాలనుకున్నాడో కనిపిస్తుంది. ఏళ్ళు పడి ఉంటుంది ఆ పని. ఇంట్లో వైరు కలుపుకున్న నాకు అది నిత్యం కళ్ళముందు ఉండాల్సిన పుస్తకం.

కీబోర్డు ఎడమ కొసన ఒక చక్రం ఉంటుంది, పిచ్ బెండ్ అంటారు. ముందుకి తోస్తే స్వరం పైకి జారుతుంది, వెనక్కి లాగితే కిందికి. వదిలితే స్ప్రింగు దాన్ని మధ్యకి తెస్తుంది. మామూలు మెట్టు జోరుకి 127 అంచెలే ఇచ్చిన ఆ తొలితరం ఇంజనీర్లు ఈ చక్రానికి మాత్రం రెండు అంకెలు కలిపి 16,384 అంచెలు ఇచ్చారు, మధ్య స్థానం 8192. జారుని మెట్లుమెట్లుగా వింటే చెవి ఒప్పుకోదని వాళ్ళకి తెలుసు. చక్రం ఎటు చివరికి తిప్పినా స్వరం రెండు మెట్ల దూరం వెళ్ళేలా ఏర్పాటు చేయడం ఆనవాయితీ. 63 నుంచి రెండు కిందికి వెళితే 61, శుద్ధ రిషభం. రెండు పైకి వెళితే 65, శుద్ధ మధ్యమం. తోడి గాంధారం ఊగే మేర సరిగ్గా అంతే! మన రాగం వాళ్ళు విని పెట్టిన కొలత కాదది. అయినా మన గాంధారం అందులో చక్కగా పట్టింది. అది చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

మేర కుదిరినంతలో గమకం రాదు. చక్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పితే సైరను మోగినట్టుంటుంది. కింద ఎంతసేపు ఆగాలి, పైకి ఎంత విసురుగా లేవాలి, లేచినది ఎక్కడ మెత్తబడాలి, ఇదంతా ఎడమచేతి బొటనవేలికి నేర్పాలి. వీణ వాయించేవాళ్ళు మెట్టు మీద తీగను లాగి గమకం పలికించడానికి ఎన్ని ఏళ్ళు తీసుకుంటారో, దీనికీ అలాంటి సాధనే కావాలి. ఈ చక్రం పట్టుకునే కర్ణాటక కచేరీలు చేసినవాళ్ళున్నారు. ఒక ఛానెల్లో ఉన్న స్వరాలన్నిటినీ చక్రం కలిపే జారుస్తుంది. అందుకని తంబురాని వేరే ఛానెల్లో పెట్టుకోవాలి, లేకపోతే గాంధారంతో పాటు షడ్జమ పంచమాలు కూడా ఊగుతాయి. ప్రతి స్వరానికీ విడిగా జారు ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో ఆమోదం పొందింది. 2020లో వచ్చిన మిడి 2.0 జోరుకి 65 వేలకు పైగా అంచెలు ఇచ్చింది. ఒక స్వరం వెంట ఒక స్వరంగా నడిచే మన సంగీతానికి పాత చక్రం చాలుతుంది, చెయ్యి తిరగాలంతే.

పిన్ని నాకంటే త్వరగా పట్టుకుంది. కుడిచేత్తో మెట్టు, ఎడమచేత్తో చక్రం, నోటితో మెల్లగా పాడుకుంటూ. మొదట్లో చెయ్యి గొంతు వెనక నడిచేది. కొన్నాళ్ళకి రెండూ కలిశాయి. ఆవిడ వాయించిన తోడిని రికార్డు చేసి, అంకెల జాబితా తెరిచాను. షడ్జమం దగ్గర నొక్కిన వరస ఒకటి, వదిలిన వరస ఒకటి. పంచమం దగ్గరా అంతే. గాంధారం దగ్గరికి వచ్చేసరికి 63 అని ఒక వరస పడి, దాని కింద చక్రం పంపిన వరసలు తెర నిండి, కిందికి జరిపినా ఇంకా వస్తూనే ఉన్నాయి. 8192 నుంచి దిగడం, ఆగడం, ఒక్కసారిగా లేవడం, తగ్గడం, మళ్ళీ దిగడం. ఫైలు మొత్తంలో స్వరాలకి పట్టిన చోటు కంటే స్వరాల మధ్య నడకకి పట్టిన చోటే ఎన్నో రెట్లు ఎక్కువ. కిలోబైట్లలో కొలిచి చూపించినప్పుడు పిన్ని ఆశ్చర్యపోలేదు. “మరి పాఠం చెప్పేటప్పుడు నాకు పట్టే కాలం కూడా అలాగే ఉంటుంది కదా” అంది.

ఆ వరసలనే ప్రోగ్రాము ఒక వంపు గీతగా కూడా గీసి చూపిస్తుంది. పిన్ని కళ్ళజోడు సవరించుకుని గీతను దగ్గరగా చూసింది. ఒక శిఖరం మీద వేలు పెట్టి, “ఇక్కడ మధ్యమాన్ని అందుకున్నాను, అందుకోకూడదు. అందుకోబోయి వెనక్కి రావాలి, మా మేష్టారి పాఠం అలా ఉండేది” అంది. మౌస్‌తో ఆ శిఖరాన్ని కాస్త దించి వినిపించాను. ఇంకా ఎక్కువే ఉంది అంది. మరికాస్త దించాను. ఇప్పుడు పైన సరిపోయింది కానీ కింద తొందరపడుతోందట. రిషభం దగ్గర ఇంకొంచెం నిలబడాలట. మౌస్ వద్దు, మళ్ళీ వాయిస్తానంటూ చక్రం మీద వేలు పెట్టి నన్ను రికార్డు బటన్ నొక్కమంది.